మీరు అడిగారు: అమృతాంజనం పంతులుగారి గురించి

పోయిన నెల ఏదో మాటల్లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు వచ్చి రెండు లైన్లు రాశాను, అంతే, దానికి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని మెసేజీలు వస్తాయని అస్సలు అనుకోలేదు. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఆయన గురించి అడిగినవాటికే జవాబులు రాస్తున్నా. చివర్లో ఒక అమ్మాయి వాళ్ల తాతగారి గురించి అడిగింది, అది కూడా ఇందులోకే వస్తుందనిపించి కలిపేశాను.

ప్రశ్న: ఏప్రిల్ 11న పంతులుగారి వర్ధంతికి మా స్కూల్లో నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. దేశోద్ధారక, విశ్వదాత, కళాప్రపూర్ణ అని బిరుదులు చదివేసరికే టైం సగం అయిపోతోంది, పిల్లలు ఆవలిస్తారు. ఆయన్ని వ్యాపారస్తుడు అని చెప్పాలా, ఎడిటర్ అని చెప్పాలా, స్వాతంత్ర్య సమరయోధుడు అని చెప్పాలా?
(ఒక తెలుగు టీచర్, పామర్రు)

జవాబు: మాస్టారూ, ముందు ఆ బిరుదులు తీసి పక్కన పెట్టండి. తప్పని కాదు, అవన్నీ ఆయనకి తగినవే, కానీ బిరుదు వింటే పిల్లాడికి మనిషి కనపడడు. మీరు ఒక అమృతాంజనం సీసా జేబులో వేసుకెళ్లండి. మూత తీసి మొదటి బెంచీ వాడి చేతికివ్వండి, వాసన చూసి వెనక్కి పంపమనండి. ఆ సీసా చివరి బెంచీకి చేరేలోపు క్లాసంతా మీ వైపే చూస్తుంది. మా అమ్మమ్మ దగ్గర అలాంటిదొకటి ఎప్పుడూ తలగడ కింద ఉండేది, మూత మీద రంగు పోయి రేకు బయటపడినా పారేసేది కాదు, అయిపోయాక కూడా వేలు పెట్టి అంచుల్లో గీకి కణతలకి రాసుకునేది. మాకు పంతులుగారంటే ముందు ఆ వాసనే.

అక్కడ మొదలుపెట్టి మీ ఊరికి రండి, ఎందుకంటే ఆయన పుట్టింది మీ పక్కనే ఎలకుర్రులో, 1867 మే 1న. బందరులో చదువుకుని, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. అయ్యారు. ఆ రోజుల్లో బి.ఏ. అంటే గవర్నమెంటు ఉద్యోగం ఇంటికొచ్చి తలుపు తట్టేది, బంధువులంతా అదే ఎదురుచూస్తారు, ఈయనేమో వ్యాపారం చేస్తానని బయలుదేరారు. మద్రాసులో ప్రయత్నం చేశారు, కలకత్తా వెళ్లి మందుల షాపులో పని నేర్చుకున్నారు, అక్కణ్ణించి బొంబాయి. 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. అప్పటికి ఇరవయ్యారేళ్లు. చేతిలో డిగ్రీ ఉన్న కుర్రాడు మందు ఎలా నూరాలో, ఎలా కలపాలో పక్కన నిలబడి నేర్చుకున్నాడని పిల్లలకి గట్టిగా చెప్పండి, ఈ ఒక్క ముక్క చాలామంది చెప్పకుండా దాటేస్తారు.

కొత్త మందు ఎవరు కొంటారు? సంగీత కచేరీలకి వచ్చినవాళ్లకి ఊరికే పంచిపెట్టేవారట. ఒక్కసారి ఆలోచించండి, మూడు నాలుగు గంటలు కదలకుండా కూర్చున్న జనం, నడుం పట్టేసి ఉంటుంది, తల దిమ్ముగా ఉంటుంది, అప్పుడు ఒకరు రాసుకుంటే ఆ వరసలో పదిమందికి వాసన. ఇంతకన్నా మంచి ప్రచారం ఇప్పటి కంపెనీలు కోట్లు పోసినా చెయ్యలేవని నా అభిప్రాయం.

ఇక అసలు సంగతి. ఆయన డబ్బు సంపాదించాక ఏం చేశారు అన్నది వరసగా చెప్తే సరిపోతుంది. 1908 సెప్టెంబర్ 9న బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రిక మొదలైంది. ఏటా ఉగాదికి అంత లావు ప్రత్యేక సంచిక వేసేవారు, అవి ఇప్పటికీ జాగ్రత్తగా బైండు చేయించి దాచుకున్న ఇళ్లు ఉన్నాయి. 1914 ఏప్రిల్ 1 నుంచి మద్రాసులో దినపత్రిక అయింది. సరిగ్గా తొమ్మిది రోజులకి, ఏప్రిల్ 10న, బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఈ రెండిటినీ విడివిడిగా చెప్తారు గానీ నాకు మాత్రం ఒకే బండికి రెండు చక్రాల్లా కనపడతాయి, పేపర్ వస్తే చదివే చోటు కావాలి, చదివే చోటుంటే పేపర్ కావాలి, చదువు రానివాళ్లకి ఒకళ్లు పైకి చదివి వినిపించాలి. ఆ వేసవి దాటిందో లేదో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, యుద్ధం కబుర్ల కోసం ఊళ్లు ఊళ్లే ఎదురుచూసిన రోజులవి, అప్పటికి తెలుగులో రోజూ వచ్చే పేపర్ సిద్ధంగా ఉంది.

1924 జనవరిలో భారతి అనే సాహిత్య మాసపత్రిక. భారతిలో కథో పద్యమో వ్యాసమో పడిందంటే ఇక ఆ మనిషి రచయిత కింద లెక్కేనని పాతవాళ్లు ఎంత గర్వంగా చెప్పుకునేవారో! 1926లో ఆంధ్ర గ్రంథమాల పెట్టి పుస్తకాలు తక్కువ ధరకి అందేలా అచ్చు వేశారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో వచ్చింది అందులోనే. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అనే మహా యజ్ఞం మొదలుపెట్టి "అ" అక్షరం దగ్గర ఉండగానే 1923లో పోయారు, ఆ పనిని మళ్లీ ఎత్తుకుని అచ్చుకి తెచ్చింది ఈయనే. వేరేవాళ్లు మొదలుపెట్టి ఆగిపోయిన పనికి డబ్బు పెట్టడం ఎంత కష్టమో వ్యాపారం చేసేవాళ్లకి తెలుస్తుంది, అందులో లాభమూ రాదు, పేరు కూడా మొదట పెట్టినవాళ్లకే పోతుంది.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు, అక్కడ కూర్చుని గీత మీద పుస్తకం రాశారు. ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడిగా చాలాకాలం చేశారు. ఇవి కూడా చెప్పండి కానీ త్వరగా చెప్పండి, ఇవి పుస్తకాల్లో దొరుకుతాయి. సీసా మాత్రం అందరి చేతుల్లోంచి తిరిగి మీ దగ్గరికి వచ్చేలా చూసుకోండి మాస్టారూ, మా వాళ్ల క్లాసులో ఒకసారి వెళ్లిన స్కెచ్ పెన్ను ఇంకా రాలేదు.

ప్రశ్న: అందరూ పొగుడుతున్నారు కాబట్టి అడుగుతున్నా, ఏమనుకోకండి. సొంత పేపర్ ఉంటే సొంత మందుకి ఫ్రీగా యాడ్ వేసుకోవచ్చు, పేపర్ పెట్టింది అందుకే కాదా? ఇందులో సేవ ఎక్కడుంది?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: అనుకోవడానికేముంది, అడగాల్సిన ప్రశ్నే. యాడ్స్ వేసుకున్నారు, దాచలేదు. పేపర్ వల్ల అమృతాంజనం పేరు తెలుగిళ్లలో ఇంకా పాకింది, నిజమే. కానీ పేపర్ మొదలైన రోజు ఎలాంటిదో చూడండి. 1907 డిసెంబర్‌లో సూరత్ కాంగ్రెస్, అతివాదులూ మితవాదులూ విడిపోయిన మహాసభ, పంతులుగారు దానికి వెళ్లారు. ఆర్నెల్లు తిరక్కుండానే 1908 జూన్‌లో కేసరి పత్రికలో రాసిన రాతలకి బొంబాయిలో తిలక్‌గారిని అరెస్టు చేశారు, జూలైలో ఆరేళ్ల శిక్ష వేసి బర్మాలోని మాండలే జైలుకి పంపించారు, బొంబాయి మిల్లు కార్మికులు ఆరు రోజులు పని ఆపేసి రోడ్ల మీదకి వచ్చారు. పేపర్‌లో రాసినందుకు అంత పెద్ద మనిషినే జైల్లో పెట్టిన ఊళ్లో, శిక్ష పడి రెండు నెలలు కూడా తిరక్కుండా, బాగా నడుస్తున్న మందుల వ్యాపారం ఉన్న ఒక తెలుగాయన కొత్తగా పేపర్ మొదలుపెడుతున్నాడు! యాడ్ కోసమే అయితే ఇంతకన్నా తేలిక దారులు బోలెడున్నాయి, గోడ మీద రాయించుకున్నా సరిపోతుంది. కోపం వస్తే గవర్నమెంటు పేపర్‌తో ఆగదు, వ్యాపారం జోలికి కూడా వస్తుంది, ఆ లెక్క ఆయనకి మనకన్నా బాగా తెలుసు.

అప్పటికే బందరులో కృష్ణాపత్రిక ఉంది, 1902 నుంచి. కాబట్టి తెలుగులో పేపరే లేదు, ఈయనే తెచ్చాడు అని రాసేవాళ్ల మాట నమ్మకండి. ఈయన చేసింది వేరు, అమృతాంజనం మీద వచ్చిన డబ్బుని పేపర్ మీద, భారతి మీద, పుస్తకాల మీద ఏళ్ల తరబడి పెడుతూ వచ్చారు. ఒక చేత్తో వ్యాపారం, ఇంకో చేత్తో దానం అని విడదీసి చెప్తారు కదా, ఈయన విషయంలో ఆ గీత గియ్యడం నాకు చేతకాదు, వ్యాపారం బాగుంటేనే పేపర్, పేపర్ ఉంటేనే భాష, అందుకని సీసాలో మందు కూడా శ్రద్ధగానే చేశారు. వ్యాపారస్తుడంటే మనవాళ్లకి ఒక అనుమానం, ఇచ్చినా ఎందుకిచ్చాడో అని చూస్తాం. అడగండి, తప్పులేదు, కానీ జవాబు దొరికాక ఒప్పుకోవాలి కూడా.

ప్రశ్న: ఇంత తిరిగిన మనిషి ఇంటిని పట్టించుకున్నారా? పెద్దమనుషుల జీవితచరిత్రల్లో భార్యాపిల్లలు ఒక్క లైన్లో అయిపోతారు. ఆయన తర్వాత ఇవన్నీ ఏమయ్యాయి?
(ఒక గృహిణి, తెనాలి)

జవాబు: మీరన్నది అక్షరాలా నిజమండీ, నాకూ అదే బాధ. ఆయన భార్య రామాయమ్మగారు, కూతురు కామాక్షమ్మగారు, అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు. పేర్లయినా చెప్పుకుందాం.

ఆ ఇల్లు ఎలాంటిదో తెలియాలంటే ఆయన పోయాక ఏం జరిగిందో చూడాలి. పంతులుగారు 1938లో పోయారు, ఇంకో ఇరవై రోజులుంటే డెబ్భై ఒకటి నిండేది. అప్పటికి భారతికి పద్నాలుగేళ్లు. ఆ పత్రిక ఆగిందెప్పుడు? 1991లో. అంటే ఆయన లేకుండా ఇంకో యాభై మూడేళ్లు బతికింది. అల్లుడుగారు శంభుప్రసాద్‌గారు పేపర్‌నీ భారతినీ అమృతాంజనాన్నీ మూడిటినీ నెత్తిన పెట్టుకుని మోశారు, తర్వాత వాళ్ల పిల్లల తరం. సాహిత్య మాసపత్రిక లాభాలు తెచ్చే సరుకు కాదు, మామగారు మొదలుపెట్టాడు కదా ఇక చాల్లే అని ఏ సంవత్సరమైనా ఆపేసి ఉండొచ్చు, ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఆపలేదు. ఇంట్లో అన్నం తినేటప్పుడు ఏం మాట్లాడుకునేవారో మనకి తెలియాల్సిన పనిలేదు, అల్లుడు మామగారి మాట అన్నేళ్లు నిలబెట్టాడంటే ఆ ఇంట్లో ఆ పని మీద గౌరవం ఉంది. ఆస్తి పంచుకోడానికి కోర్టుకెళ్లే ఇళ్లు ఎన్ని చూడట్లేదు మనం.

ఆంధ్రపత్రిక కూడా 1991 దాకా వచ్చింది. మా నాన్న చివరి రోజుల్లో కూడా ఏ పేపర్‌నైనా "పత్రిక వచ్చిందా" అనే అడిగేవారు, ఆ మాట ఎక్కడిదో నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

ప్రశ్న: శ్రీబాగ్ ఒప్పందం అంటారు, గ్రూప్స్ పరీక్షల్లో అడుగుతారు. శ్రీబాగ్ అనేది ఊరా?
(పోటీ పరీక్షలకి చదువుతున్న కుర్రాడు, కడప)

జవాబు: ఊరు కాదు బాబూ, పంతులుగారి ఇల్లు! మద్రాసులో ఆయన ఇంటి పేరు శ్రీబాగ్. ఆంధ్ర రాష్ట్రం కోసం కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని మాట్లాడుకోవాలి, రాయలసీమ వాళ్లకి కోస్తా పెత్తనం చేస్తుందేమో అని భయం, ఆ భయం తీరితే గానీ ముందుకెళ్లదు. 1937 నవంబర్ 16న ఆ ఇంట్లో ఒప్పందం కుదిరింది. మీ కడప కోటిరెడ్డిగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు లాంటి పెద్దలున్నారు. ముఖ్యమైనవి గుర్తుపెట్టుకో: వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా యూనివర్సిటీ కేంద్రం, పదేళ్లపాటు నీళ్ల విషయంలో రాయలసీమకి ముందు ప్రాధాన్యం, రాజధాని, హైకోర్టు రెండూ ఒకే ప్రాంతంలో పెట్టకుండా ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలుకి, హైకోర్టు గుంటూరుకి వెళ్లింది అందుకే. నీళ్ల మాట ఎంతవరకు నిలబడిందో మీ ప్రాంతం వాడివి నీకు నేను చెప్పాలా.

ఒప్పందం జరిగిన ఐదు నెలలకి పంతులుగారు పోయారు, రాష్ట్రం చూడలేదు. మద్రాసు వెళ్తే మైలాపూర్‌లో లజ్ దగ్గర ఆయన పేరు మీద నాగేశ్వరరావు పార్కు ఉంది, పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లతో నిండుగా ఉంటుంది, వెళ్లి కాసేపు కూర్చో.

ప్రశ్న: పాత భారతి సంచికలు ఎక్కడ చదవొచ్చు?
(ముగ్గురు నలుగురు అడిగారు)

జవాబు: ప్రెస్ అకాడమీ వాళ్లు పాత ఆంధ్రపత్రిక, భారతి సంచికలు స్కాన్ చేయించారు, నెట్‌లో వెతికితే దొరుకుతాయి. కానీ దగ్గర్లో పాత లైబ్రరీ ఉంటే ఒక్కసారి వెళ్లి బైండు పుస్తకం చేత్తో పట్టుకుని చూడండి, కాగితం మూలలు విరిగిపోతుంటాయి కాబట్టి పేజీని పై నుంచి కాకుండా మధ్యలో వేలు పెట్టి తిప్పండి. యాడ్స్ వదలకుండా చదవండి, అవే సగం చరిత్ర.

ప్రశ్న: మా తాతయ్య రైస్ మిల్లు నడిపేవారు. ఊళ్లో స్కూలు గదికి, మంచినీళ్ల చెరువుకి సాయం చేశారు, చాలామందికి పెళ్లిళ్లకి ఇచ్చారు. వచ్చే నెల సంవత్సరీకం, చిన్న పుస్తకం వేద్దామని మొదలుపెడితే మామయ్య "దానకర్ణుడు, అజాతశత్రువు, ధర్మప్రభువు" అని రెండు పేజీలు రాసిచ్చాడు. చదివితే మా తాతయ్యలాగా లేడు, గుళ్లో శిలాఫలకంలాగా ఉంది. ఎలా రాయాలి?
(డిగ్రీ చదువుతున్న అమ్మాయి, భీమవరం దగ్గర)

జవాబు: నీకు ఆ తేడా తెలిసిపోయింది కదమ్మా, సగం పని అయినట్టే. మామయ్యని ఏమీ అనకు, ఆయనకి దుఃఖం ఉంది, దుఃఖంలో పెద్ద మాటలే నోటికొస్తాయి. ఆ రెండు పేజీలు చివర్లో ఆయన పేరుతోనే వెయ్యి.

నువ్వు మాత్రం మిల్లు పాత లెక్కల పుస్తకాలు, అదే చిట్టాలు, ఆవర్జాలు ఎక్కడున్నాయో వెతుకు. అటక మీద ఉంటాయి, ఎలకలు కొట్టకుండా మిగిలినవి దింపించు. అందులో ధర్మం పద్దు అని ఉంటే ఆ పేజీ ఫోటో తీసి పుస్తకంలో వేసెయ్, తాతయ్య చేతిరాత కనపడాలి, అంకె పక్కన ఆయన సంతకం కనపడాలి. ఎవరికి ఇచ్చారో ఆ పేర్లు మాత్రం కప్పెయ్యి, తీసుకున్నవాళ్ల పిల్లలు ఇవాళ ఆ ఊళ్లోనే తలెత్తుకుని తిరుగుతుంటారు, వాళ్లని చిన్నబుచ్చితే తాతయ్యకి నచ్చదు.

తర్వాత మిల్లులో బస్తాలు మోసిన ముఠా వాళ్లలో ఇప్పుడు ముసలివాళ్లయినవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, గుమాస్తా ఉంటాడు, వాళ్ల దగ్గరికి నువ్వే వెళ్లు, ఇంటికి పిలిపించకు. ఇంటికొస్తే మర్యాదకి "దేవుడమ్మా" అని ఒక్క మాటనేసి లేస్తారు. వాళ్ల అరుగు మీద కూర్చుని "తాతయ్యకి కోపం వస్తే ఏం చేసేవారు" అని అడుగు, అప్పుడు చూడు. తూకం దగ్గర ఎలా ఉండేవారు, కరెంటు పోతే కూలీ కట్టేవారా లేదా, పండగ ముందు రోజు డబ్బులు ఎప్పుడిచ్చేవారు, ఇవి అడుగు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయి, నువ్వు దిద్దకు. ఏదైనా తప్పు చేశారని చెప్తే కూడా విను, మీ అమ్మని అడిగి, రాయదగ్గదైతే రాయి, తప్పులేని మనిషిని ఎవరూ గుర్తుపెట్టుకోలేరు.

అమ్మమ్మ ఉన్నారా? ఉంటే రాత్రి పక్కన పడుకుని అడుగు, పగలు అడిగితే పనుల్లో ఉండి ఏం చెప్తారు. మిల్లు నుంచి ఇంటికొచ్చాక తాతయ్య మొదట ఏం చేసేవారు, ఒంటి మీద తవుడు దులుపుకుని కాళ్లు కడుక్కునేవారా, పిల్లల్ని ముద్దు చేసేవారా, పిల్లలు నిద్రపోయాక వచ్చేవారా. ఊరికి అంత ఇచ్చిన మనిషి ఇంట్లో ఏం తగ్గించుకున్నారో ఆవిడకి ఒక్కదానికే తెలుస్తుంది. ఆవిడ నగ ఏదైనా స్కూలు గదిలోకి వెళ్లిందేమో, అది కూడా అడుగు, వెళ్తే ఆ గది గోడ మీద ఆవిడ పేరు లేకపోయినా నీ పుస్తకంలో ఉండాలి.

ముప్పై పేజీలు దాటనివ్వకు. అచ్చుకి ఇచ్చేముందు ప్రూఫు మీ మామయ్యకి, గుమాస్తాగారికి ఇద్దరికీ చూపించు. అయ్యాక నాకొక కాపీ పంపు, ఆ చిట్టా పేజీ నేను చూడాలి.